అచ్చు గుద్దినట్టు

నిజాంపేటలో ఆ అపార్ట్‌మెంటు అయిదో అంతస్తు బాల్కనీలో ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా రౌటర్ మోగేది. ఇంటర్నెట్ రౌటర్ కాదు, చెక్కలో గాడులు తీసే మిషను. కింది అంతస్తువాళ్ళు ఆరేసుకున్న బట్టల మీద పొట్టు రాలేది. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు పడేది. అతను అక్కడ దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టి, మిషను మళ్ళీ ఆన్ చేసేవాడు.

అతనికి నలభై ఆరేళ్ళు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీముకి మేనేజరు. ఇతరుల పనిలో తప్పులు పట్టే ఇల్లు కొన్నాడు, కారు కొన్నాడు. ఇప్పుడు చేస్తున్నది గిటారు, కరెంటుతో పలికే రకం. అలాంటివి కొట్లో బోలెడు దొరుకుతాయి. అతనికి కావలసింది ఏదో ఒక గిటారు కాదు, ఆ గిటారు.

ఆ గిటారు ఒక ఫోటోలో ఉంది. పోస్టుకార్డు సైజు, నలుపు తెలుపు. వెనక వేసిన రబ్బరు స్టాంపులో తెనాలి అన్న పేరూ, 1974 అన్న అంకెలూ మాత్రం మిగిలాయి. తెర మీద గీసిన జలపాతం ముందు ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు నిలబడి ఉన్నాడు. బెల్‌బాటం ప్యాంటు, బారు కాలరు, చెవులు మూసిన జుట్టు. రెండు చేతుల్లో గిటారు. ఆ కుర్రాడు అతని తండ్రి.

తల్లి పోయాక ఆమె ట్రంకుపెట్టె అడుగున, పెళ్ళి శుభలేఖ మడతలో దొరికింది ఫోటో. అది చేతిలో పట్టుకుని అతను చాలాసేపు నిలబడిపోయాడు. అతనికి ఊహ తెలిసేసరికి తండ్రి మార్కెట్ యార్డులో గుమాస్తా. ఇంట్లో రేడియో తప్ప పలికే వస్తువు లేదు. స్కూల్లో తాత ఏం చేసేవాడని ఎవరైనా అడిగితే వ్యవసాయం అని చెప్పమని తల్లి నేర్పింది. అలాగే చెప్పేవాడు. నాన్న ఏం చేస్తాడంటే గుమాస్తా అనేవాడు. ఫోటో దొరికాక ఈ రెండో జవాబు మారింది.

ఇల్లంతా వెతికాడు. అటక దాకా ఎక్కాడు. గిటారు లేదు. మర్నాడు పాత సామాన్లవాడు ట్రాలీ ఆటో తెచ్చాడు. తెనాలి ఇల్లు అప్పటికే బేరమైపోయింది. గంగాళం, తిరగలి, నులకమంచం, అటక మీద గుడ్డలో చుట్టిపెట్టిన కర్రసామాను, ఒంటి తలుపు బీరువా, తూకానికి కొన్నీ గంపగుత్తకి కొన్నీ వెళ్ళిపోయాయి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన, “అటక మీదిది తీశార్రా?” అని అడిగాడు.

“అన్నీ వేసేశాం నాన్నా” అన్నాడు అతను.

పెద్దాయన తల ఊపాడు. సాయంత్రం కారెక్కి హైదరాబాదు వచ్చేశాడు.

ఆఫీసులో ఆ నెలే ఎవరిదో వీడ్కోలు పార్టీ జరిగింది. “డెబ్బైల్లో మా నాన్నగారు గిటారిస్టు. మా చదువుల కోసం వదిలేశారు” అని అతను చెప్పాడు. విన్నవాళ్ళు కాసేపు మాట్లాడలేదు. తర్వాతి పార్టీలో మళ్ళీ చెప్పాడు. ఆ పై పార్టీకి మద్రాసు రికార్డింగ్ థియేటర్లు కూడా అందులోకి వచ్చాయి.

పెద్దాయనకు 75 ఏళ్ళు నిండేరోజుకి ఆ గిటారు మళ్ళీ ఆయన చేతిలో ఉండాలని నిర్ణయించుకున్నాడు. భార్యకి చెప్పాడు, పన్నెండేళ్ళ కొడుక్కి చెప్పాడు, టీము మొత్తానికి చెప్పాడు. పెద్దాయనకి మాత్రం చెప్పలేదు, ఏమీ అడగలేదు. అడిగితే సర్‌ప్రైజు పోతుంది.

ముందు ఫోటోని స్కాన్ చేయించాడు. ఎడమ పక్కన ఒక స్టూలూ, దాని మీద ఏదో సామానూ అడ్డంగా ఉన్నాయి. అక్కడికి కత్తిరించి, మిగిలినదాన్ని తెర నిండా పెద్దది చేశాడు. ఇక కొలతలు కావాలి.

తీగలకింద మెడ మీద అడ్డంగా ఉండే ఫ్రెట్లు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా పడ్డాయి. వాటి దూరాలకు ఒక లెక్క ఉంది. తీగ మొత్తం పొడుగుని 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. మిగిలిన పొడుగుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పోగా పోగా పన్నెండోది సరిగ్గా సగంలో పడుతుంది. ఫోటోలోని ఫ్రెట్లు ఈ లెక్కకు లొంగాయి. అయితే లెక్క నిష్పత్తులే చెబుతుంది, మిల్లీమీటర్లు చెప్పదు. అందుకు కొలత తెలిసిన వస్తువు ఒక్కటైనా ఫోటోలో ఉండాలి.

తండ్రి చెయ్యి ఉంది.

ఒక మధ్యాహ్నం పెద్దాయన నిద్రలో ఉండగా అతను వెర్నియర్ కాలిపర్ పట్టుకుని మంచం పక్కన కూర్చుని అరచెయ్యి వెడల్పు కొలిచాడు. ఇనుము చల్లగా తగిలి పెద్దాయన కళ్ళు తెరిచాడు.

“ఏంట్రా?”

“ఏం లేదు నాన్నా. చెయ్యి వాచిందేమోనని.”

పెద్దాయన తన చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. “ఏం వాపు లేదే” అని అటు తిరిగి పడుకున్నాడు.

84 మిల్లీమీటర్లు. దాన్నిబట్టి తీగ పొడుగు 648 మిల్లీమీటర్ల దగ్గర తేలింది. ఇరవై అయిదున్నర అంగుళాలు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ 1954లో బయటికి తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌ది ఇదే కొలత. రెండు కొమ్ముల ఒళ్ళూ, మూడు పికప్‌లూ కూడా సరిపోయాయి. ఫెండర్‌కి మొదట రేడియోలు బాగుచేసే షాపుండేది. లోకంలో సగంమంది వాయించే గిటారు చేసినవాడికి గిటారు వాయించడం రాదు, చివరిదాకా నేర్చుకోలేదు. ఈ సంగతి చదివిన రోజు అతను చాలా తేలికపడ్డాడు. అతనికీ రాదు.

ఇక ఫోటోలో కనిపించే ప్రతిదానికీ ఏదో ఒక సంవత్సరం దొరికింది. బిరడలుండే తలకాయ పెద్దది. ఫెండర్ గిటార్లకు అది పెద్దదయింది 1965 చివర్లో. పికప్‌లు మార్చే మీట అయిదు చోట్ల ఆగే రకం కంపెనీ నుంచి వచ్చింది 1977లో, కాబట్టి ఇక్కడ మూడు చోట్ల ఆగేదే పెట్టాలి. ఒంటికి మెడని నాలుగు బోల్టులతో బిగించేవారు, 1971 నుంచి కొన్నేళ్ళు మూడింటితో బిగించారు. బోల్టులు వెనక వైపుంటాయి. ఫోటోలో వెనక వైపు కనబడదు. రేపు గోడకు తగిలిస్తే ఇంట్లోనూ కనబడదు. అయినా మూడే పెట్టాడు.

దిగుమతికి లైసెన్సు కావలసిన ఆ రోజుల్లో అమెరికా గిటారు తెనాలికి ఎలా చేరిందన్నది ఒక్కటే అంతుపట్టలేదు. ఓడల్లో పనిచేసేవాళ్ళెవరో తెచ్చి మద్రాసులో అమ్మి ఉంటారని అనుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ వాక్యంలోంచి ‘అనుకున్నాడు’ రాలిపోయింది. ఫోటోని ఒసాకాలో ఒకాయనకీ, టెక్సాస్‌లో ఒకాయనకీ పంపి సలహా అడిగాడు. రాత్రి పన్నెండు దాటాక వాళ్ళతో వీడియోలో మాట్లాడేవాడు. మాటలు పక్కగదిలోకి వినబడకుండా తలుపు వేసుకునేవాడు. పక్కగది పెద్దాయనది.

సామాను తలో దేశం నుంచీ వచ్చింది. ఒంటికి ఆల్డర్ చెక్క. మన డిపోల్లో దొరకదు. టేకు వాడమన్నారు, అది బరువెక్కువ. చివరికి దిమ్మ చైనా నుంచి తెప్పించాడు. రవాణా, కస్టమ్స్ కలిసి చెక్క ధరను దాటాయి. మేపుల్ మెడ కూడా అక్కడిదే. బిరడలు జపాన్‌వి. పికప్‌లు డల్లాస్ నుంచి బావమరిది సూట్‌కేసులో దిగాయి. తిరుగు ప్రయాణంలో ఆ చోటు గోంగూర పచ్చడికి దక్కింది. వైర్లు, కెపాసిటర్లు, రొద రాకుండా లోపల అంటించే రాగిరేకు టేపు కోఠీ గుజరాతీ గల్లీలో కొన్నాడు.

సోల్డరింగ్ చేస్తూ కొడుక్కి పికప్ సంగతి వివరించాడు. ఆరు చిన్న అయస్కాంతాలు. వాటి చుట్టూ వెంట్రుక మందం రాగితీగ, ఇంచుమించు ఎనిమిది వేల చుట్లు. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, రాగితీగలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటే యాంప్లిఫయర్‌లోకి వెళ్ళి పాటవుతుంది.

“ఉక్కు కాకపోతే?”

“పలకదు. నైలాన్ తీగ కట్టు, దారం కట్టు, తెల్లవార్లూ మీటినా దీనికి వినబడదు.”

అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించినవి తీగలే. ఫోటోలో అవి లావుగా, తెల్లగా ఉన్నాయి. స్టూడియో లైటు నేరుగా పడుతోంది. చేతి గడియారం మెరిసింది, ప్యాంటు బకిల్ మెరిసింది, తీగలు మెరవలేదు. పైగా మూడో తీగ కాస్త కిందికి వేలాడినట్టుంది. రకరకాల సెట్లు తెప్పించి, బిగించి, అదే కోణంలో లైటు వేసి ఫోటోలు తీసి పోల్చాడు. అన్నీ మెరిశాయి.

ఒసాకా ఆయన తేల్చాడు. అవి ఫ్లాట్‌వౌండ్ తీగలు. మామూలు లావు తీగల మీద గుండ్రటి సన్నతీగ చుడతారు, వీటి మీద చదునైన రిబ్బను చుడతారు. వేలికి నున్నగా తగులుతాయి, మెరుపు తక్కువ, గొంతు మెత్తన. జాజ్ వాయించేవాళ్ళకు ఇష్టం. “మీ నాన్నగారు జాజ్ మనిషన్నమాట” అని రాశాడాయన.

ఆ రాత్రి అతను భార్యని నిద్రలేపి మరీ చెప్పాడు.

“జాజ్ అంటే ఏంటండీ?” అందామె.

అతనికీ సరిగ్గా తెలియదు. పొద్దున చెబుతానన్నాడు.

మూడో తీగ వేలాడడానికి మాత్రం కారణం దొరకలేదు. బిరడ వదులైందని రాసుకుని, తన గిటారుకీ మూడో బిరడని అర చుట్టు వదులు చేశాడు.

రంగు ఇంకో చిక్కు. నలుపు తెలుపులో ఎరుపైనా ముదురాకుపచ్చయినా పడేది ఒకటే బూడిదరంగు. అంచులు చీకటిగా, మధ్యలో వెలుతురుగా ఉంది కాబట్టి సన్‌బర్స్ట్ అనుకున్నాడు. నడుమ తేనెరంగు, అంచుకు పోయేకొద్దీ నలుపు. దాన్ని బాలానగర్‌లో కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డుకి తీసుకెళ్ళాడు. ఇదేమీ అపచారం కాదు. 50ల్లో, 60ల్లో ఫెండర్ కూడా డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం చేసిన రంగులనే గిటార్లకు కొట్టించాడు. షెడ్డు మేస్త్రి ఒంటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏ బండి పార్టు సార్ ఇది?”

“బండిది కాదు. మా నాన్నగారిది.”

మేస్త్రి ఇంకేం అడగలేదు. మూడు కోట్లు రంగు, పైన అద్దంలాంటి క్లియర్ కొట్టి ఇచ్చాడు. బాగా కుదిరిందని తనే ఫోటో తీసుకుని స్టేటస్ పెట్టుకున్నాడు.

గిటారు ధగధగలాడుతూ ఇంటికొచ్చింది. అతను దాన్ని పాడుచేయడం మొదలుపెట్టాడు.

ఇదీ ఒక విద్యే. 1995 నుంచి ఫెండర్ కంపెనీ కొత్త గిటార్లను తానే గీకి, తుప్పు పట్టించి అమ్ముతోంది. గీకినదానికి ధర ఎక్కువ. ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లో కొన్న పాత గిటార్లలో మూడింటి భాగాలు కలిపి ‘బ్లాకీ’ అని ఒకటి తయారుచేసుకున్నాడు. 2004లో అది వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. 2006లో కంపెనీ దానికి 275 నకళ్ళు చేసి ఒక్కోటి 24,000 డాలర్లకు పెట్టింది. తలకాయ మీద క్లాప్టన్ సిగరెట్టు కాల్చిన మచ్చ కూడా 275సార్లు కాల్చి ఇచ్చారు.

తెనాలి గిటారుకి సిగరెట్టు మచ్చ లేదు. దానికి వేరే గుర్తుంది. ఒంటి కింది అంచున, చెయ్యి ఆనే చోట, అరచెయ్యంత మేర రంగు పూర్తిగా పోయి చెక్క బయటపడింది. తెర మీద ఆ మచ్చని పెద్దది చేసుకుని అతను గంటలు గంటలు చూసేవాడు. దాని అంచు ఎక్కడ వంపు తిరిగిందో, ఎక్కడ రంగు పెచ్చుగా లేచిందో, ఎక్కడ చెమటకు చెక్క నల్లబడిందో కాగితం మీద గీసుకున్నాడు. రోజుకి మూడు గంటలు సాధన చేస్తే ఇంత మచ్చ పడడానికి పదేళ్ళన్నా పట్టాలని టెక్సాస్ ఆయన అంచనా వేశాడు. అంటే తండ్రి పద్నాలుగో ఏట మొదలుపెట్టి ఉండాలి. అతని కళ్ళు చెమర్చాయి.

ఉప్పుకాగితం 220, తర్వాత 400, తర్వాత 800. చెక్క బయటపడ్డాక తడిగుడ్డ, చేతి చెమట, చిక్కటి టీ డికాషన్. స్క్రూలను రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాడు. తెల్ల ప్లాస్టిక్ నాబ్‌లు టీలో ఉడికించి పసుపు తిప్పాడు. పదేళ్ళ సాధన రెండు ఆదివారాల్లో పూర్తయింది.

“పాత సామానంతా తెనాలిలో వేసేసి వచ్చి, ఇక్కడ కొత్తదాన్ని పాతది చేస్తున్నారా?” అంది భార్య, టీ గిన్నె తోముకుంటూ.

“నీకర్థం కాదు” అన్నాడు.

అపార్ట్‌మెంటు వెనక ఫంక్షన్ హాలుంది. అక్కడ పెళ్ళి ఉన్న రోజు పెద్దాయన భోజనానికి ఒక పట్టాన లేచేవాడు కాదు. బాల్కనీలో కుర్చీ మీది పొట్టు దులుపుకుని కూర్చునేవాడు. చేతికర్రని రెండు చేతులతో ఒడిలోంచి ఏటవాలుగా పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. కర్ర మీద వేళ్ళు లేచేవి, పడేవి, ఒక్కోసారి వణికినట్టు ఒకేచోట ఆడేవి. హాల్లో డీజే మొదలవగానే కళ్ళు తెరిచి లోపలికి వచ్చేసేవాడు.

అతను తలుపు చాటు నుంచి దాన్ని ఫోన్లో తీశాడు. కొడుకుని పిలిచి చూపించాడు.

“చూశావా? తాతయ్య ఇప్పటికీ కార్డ్స్ పడుతున్నారు. చెయ్యి మర్చిపోలేదు.”

కుర్రాడు మొహం ఫోనుకి దగ్గరగా పెట్టాడు. “రెండు చేతులవీ కదులుతున్నాయి నాన్నా. ఇటు మూడు, అటు నాలుగు. ఏడు.”

“కుడిచేత్తో మీటాలిగా.”

“మీటడానికి నాలుగు వేళ్ళెందుకు? బొటనవేళ్ళు అసలు కదల్లేదు.”

“జాజ్‌లో అలాగే ఉంటుంది. నువ్వెళ్ళి చదువుకో.”

పుట్టినరోజు వచ్చింది. హాలు నిండా చుట్టాలు, ఆఫీసువాళ్ళు. గోడకి మూడడుగుల ఫ్రేములో ఫోటో. గీతలు, మరకలు తుడిపించి, నలుపు తెలుపుల మీద లేత గోధుమరంగు పట్టించి ప్రింటు తీయించాడు. దాని కింద స్టాండు మీద గిటారు, పైన పట్టుగుడ్డ. పక్కన అద్దెకు తెచ్చిన యాంప్లిఫయర్. పెద్దాయనకి కొత్త పంచె కట్టించి సోఫా మధ్యలో కూర్చోబెట్టారు. మనవడు పట్టుగుడ్డ లాగాడు.

అందరూ ఫోటో చూశారు, గిటారు చూశారు, మళ్ళీ ఫోటో చూశారు. చప్పట్లు కొట్టారు.

“తేడా ఒక్కటి పట్టుకున్నవాళ్ళకి డిన్నర్ నాది” అన్నాడు అతను. టెస్టింగ్ టీము మొత్తం ఫ్రేము ముందు గుమిగూడింది. కొమ్ములు, నాబ్‌లు, మచ్చ, వదులు బిరడ ఒక్కొక్కటే సరిచూశారు. ఎవరికీ డిన్నర్ దక్కలేదు.

గిటారు తెచ్చి పెద్దాయన ఒళ్ళో పెట్టారు. ఆయన చేతికర్ర పక్కన ఆనించి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“బరువుందే” అన్నాడు.

“మూడున్నర కిలోలు నాన్నా. అసలుదీ అంతే.”

“అది ఇంత లేదు.”

అందరూ నవ్వారు.

“ఎంతయిందిరా?”

“ఆ లెక్కలెందుకు నాన్నా ఇప్పుడు.”

“లక్షా ఎనభై, మామయ్యగారూ” అంది కోడలు వంటింటి గుమ్మంలోంచి.

పెద్దాయన గిటారుని ఇందాకటికన్నా జాగ్రత్తగా పట్టుకున్నాడు.

“ఏదైనా వాయించండి అంకుల్” అందో అమ్మాయి.

“నాకు రాదమ్మా.”

మళ్ళీ నవ్వారు. గొప్పవాళ్ళంతా అలాగే అంటారని ఒకతను పక్కవాడితో అన్నాడు. ఆఫీసు బ్యాండులో వాయించే కుర్రాడు ముందుకొచ్చి, యాంప్లిఫయర్ ఆన్ చేసి, ఒక ప్లెక్ట్రమ్ పెద్దాయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని రెండు వైపులా చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత బొటనవేలితో ఒక తీగని ఎత్తి వదిలాడు. హాలంతా మోగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

“దీనికి తీగలున్నాయే” అన్నాడు.

“ఫ్లాట్‌వౌండ్ నాన్నా. మీరు వాడినవే. ఎంత వెతికానో తెలుసా.”

“దానికి తీగలెక్కడివిరా. అవి ఎప్పుడో తెగిపోతే స్టూడియోవాడు నూలుదారం పేని కట్టాడు. మూడోది ఎంత లాగినా నిలిచేది కాదు.”

యాంప్లిఫయర్ సన్నగా రొద పెడుతోంది. బ్యాండు కుర్రాడు వంగి దాన్ని ఆపేశాడు.

“స్టూడియోవాడు ఎవరు నాన్నా?”

“ఫోటో స్టూడియోవాడు. అది వాడిదేగా. పెళ్ళిచూపులకు ముందు ఫోటో పంపమన్నారు మీ అమ్మావాళ్ళు. దిగడానికి తెనాలి వెళ్ళా.” పెద్దాయన ఒళ్ళో ఉన్న గిటారు మీద మచ్చని అరచేత్తో కప్పాడు. సరిగ్గా సరిపోయింది. “ఇది మాత్రం భలే పెట్టావురా. ఆ చుట్టుపక్కల పెళ్ళీడుకొచ్చిన ప్రతివాడూ దాన్ని ఇక్కడే పట్టుకునేవాడు. నా వంతు వచ్చేసరికే అరిగిపోయి ఉంది.”

ఎవరో కేకు కోద్దామన్నారు. ఎవరూ కదల్లేదు.

“మరి మీరు... మ్యూజిక్...” అన్నాడు అతను.

“నాది నేను పట్టుకెళ్ళా. మా నాన్న ఇచ్చిన సన్నాయి. దాంతోనే దిగుతానన్నా. స్టూడియోవాడు ఒప్పుకోలేదు. ఇది చూస్తే నీకు పిల్లనెవడిస్తాడయ్యా, పక్కనపెట్టి ఇది పట్టుకో అన్నాడు. స్టూలు మీద పెట్టా. వాడు చూడకుండా ఆ స్టూలుని ఇటు జరిపా, ఫోటోలో పడేట్టు.”

మనవడి చేతికి గిటారిచ్చి, పెద్దాయన కర్ర పట్టుకుని లేచాడు. జనం దారిచ్చారు. ఫ్రేము దగ్గరికెళ్ళి కళ్ళజోడు పైకి తోసుకుని, ఎడమ పక్క కింది మూల చూశాడు. కర్ర కొసతో అద్దం మీద అక్కడ తాకాడు. ఫ్రేము చెక్క అంచు వెంట వేలితో తడిమి, గోడకీ ఫ్రేముకీ మధ్య సందులోకి కూడా వంగి చూశాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు.

“దీన్ని కూడా వేసేశావట్రా?” అన్నాడు.